పాత డిష్‌తో ఉచిత ప్రసారాలను అందుకొనే విధానం

ఉత్సవాలను కన్నులారా చూడాలని ప్రతి భక్తునికీ ఉంటుంది. అయితే వయోభారం చేతనో, అనారోగ్యం చేతనో, మంచం పట్టిన వారికి సేవ చేయవలసి ఉండడం చేతనో గడప దాటలేని వారు ప్రతి ఊరిలోను ఉన్నారు. అట్టి వారికి భద్రాచలంలో చైత్ర శుద్ధ నవమినాడు జరిగే సీతారామ కల్యాణాన్ని ఒకనాడు ఆకాశవాణిలో ఉషశ్రీ గారి వ్యాఖ్యానం చెవులకు చేర్చింది. దూరదర్శన్ ప్రత్యక్ష ప్రసారం ఆ కల్యాణాన్ని కన్నుల ముందుకు తెచ్చింది.

నేడు చాలా ఇళ్లలో టెలివిజన్ ఉన్నది, మిద్దెమీద డిష్ ఉన్నది, కాని బొమ్మ లేదు. నెలనెలా చందా కట్టే స్తోమత లేకనో, కట్టిపెట్టే పిల్లలు దూరదేశాలకు వెళ్లినందువల్లనో ప్రసారం ఆగిపోయింది. వృద్ధాశ్రమాలకు, సత్రాలకు దాతలు టెలివిజన్ ఇచ్చి వెళ్లిన తరువాత, కనెక్షన్ లేక అది గోడకు అలంకారంగా మిగిలిన సందర్భాలూ ఉన్నాయి. అటువంటి చోట కొత్త సామగ్రి అంతా కొననవసరం లేదు. మిద్దెమీద తుప్పు పట్టుతున్న ఆ చిన్న డిష్‌నే సరియైన దిక్కుకు తిప్పి, ఉచిత ప్రసారాల పెట్టె ఒకటి అమర్చితే చాలు. నెలసరి రుసుము లేకుండ దూరదర్శన్ తెలుగు వాహినులైన యాదగిరి, సప్తగిరులతో పాటు అనేక వాహినులు, ఆకాశవాణి కార్యక్రమాలు కూడ అందుతాయి. ఆ పనిని క్రమపద్ధతిలో వివరించడమే ఈ పాఠం ఉద్దేశం.

ఉపగ్రహ ప్రసారం మనకు కొత్త కాదు

ఆకాశం నుండి నేరుగా పల్లెకు బొమ్మ రావడం తెలుగువారికి యాభై ఏళ్లనాటి అనుభవం. 1975 ఆగస్టు 1 నుండి 1976 జులై 31 వరకు అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం సహాయంతో మన దేశంలో విద్యా ప్రసారాల ప్రయోగం జరిగింది. దానినే 'సైట్' అన్నారు. ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలు ఇందులో పాలుపంచుకొన్నాయి. వాటిలో నాటి ఆంధ్రప్రదేశ్ గ్రామాలు కూడ ఉన్నాయి. అప్పటి యాంటెన్నా మూడు మీటర్ల వెడల్పుతో, కోళ్ల గూళ్లకు వాడే తీగవలతో చేసినది. ఊరందరూ ఒకే పెట్టె ముందు కూర్చుండి చూచేవారు.

2004 డిసెంబరులో ప్రసార భారతి 'డీడీ డైరెక్ట్ ప్లస్' పేరుతో ఇంటింటికీ ఉచిత ఉపగ్రహ ప్రసారాలను ఆరంభించింది. దానినే ఇప్పుడు 'డీడీ ఫ్రీ డిష్' అంటున్నారు. మూడు మీటర్ల తీగవల చేసిన పనిని ఇప్పుడు అరవై సెంటీమీటర్ల రేకు చేస్తున్నది. ఈ ప్రసారాలు జీశాట్-15 అనే ఉపగ్రహం నుండి వస్తాయి. మన ఇస్రో నిర్మించిన ఈ ఉపగ్రహాన్ని 2015 నవంబరులో ఫ్రెంచి గయానాలోని కౌరు కేంద్రం నుండి ఏరియన్-5 రాకెట్ ద్వారా ప్రయోగించారు.

ఉపగ్రహం ఎక్కడ ఉన్నది?

భూమధ్యరేఖకు సరిగా పైన, 35,786 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహానికి ఒక ప్రదక్షిణ పూర్తి కావడానికి పట్టే కాలం, భూమి తనచుట్టు తాను తిరిగే కాలంతో సమానం. అందువల్ల అది మనకు ఆకాశంలో ఒకేచోట నిలిచినట్లు ఉంటుంది. ఈ కక్ష్యను భూస్థిర కక్ష్య అంటారు. ఉపగ్రహం కదలనట్లే ఉంటుంది కనుకనే డిష్‌ను ఒకసారి స్థిరంగా బిగించి వదలివేయగలుగుతున్నాము.

జీశాట్-15 స్థానం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. తెలుగు రాష్ట్రాలు ఎక్కువగా 77 నుండి 84 డిగ్రీల మధ్య ఉన్నాయి. కాబట్టి ఉపగ్రహం మనకు తూర్పుగా ఉన్నది. మనము భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్నందున అది దక్షిణంగా కూడ ఉన్నది. తూర్పు, దక్షిణం కలిసిన మూల ఆగ్నేయం. డిష్ చూడవలసిన దిక్కు ఇదే.

దిక్కును డిగ్రీలలో చెప్పేటప్పుడు ఉత్తరాన్ని సున్నగా తీసుకొని కుడివైపుగా లెక్కిస్తారు. తూర్పు 90, దక్షిణం 180, సరియైన ఆగ్నేయం 135. ఈ కోణాన్ని దిగంశం అంటారు. నేలమట్టం నుండి పైకి ఎన్ని డిగ్రీల ఎత్తున చూడాలో తెలిపేది ఉన్నతాంశం. ఈ రెండు కాక మూడవది ఒకటి ఉన్నది, అది ధ్రువణపు వంపు. దాని సంగతి తరువాత చెప్పుకొందాము. కొన్ని ఊళ్ల లెక్కలు ఇవి.

తిరుపతి: దిగంశం 133, ఉన్నతాంశం 67, వంపు 45 డిగ్రీలు.
అనంతపురం: దిగంశం 132, ఉన్నతాంశం 65, వంపు 46 డిగ్రీలు.
కర్నూలు: దిగంశం 135, ఉన్నతాంశం 64, వంపు 43 డిగ్రీలు.
హైదరాబాదు: దిగంశం 138, ఉన్నతాంశం 63, వంపు 40 డిగ్రీలు.
విజయవాడ: దిగంశం 141, ఉన్నతాంశం 66, వంపు 37 డిగ్రీలు.
భద్రాచలం: దిగంశం 144, ఉన్నతాంశం 65, వంపు 34 డిగ్రీలు.
విశాఖపట్నం: దిగంశం 149, ఉన్నతాంశం 66, వంపు 29 డిగ్రీలు.

మీ ఊరు ఈ పట్టికలో లేకపోతే దగ్గరి ఊరి అంకెలతో ఆరంభించవచ్చు. కర్నూలులో సరిగా ఆగ్నేయం, విశాఖలో ఆగ్నేయం నుండి 14 డిగ్రీలు దక్షిణానికి జరిగిన దిక్కు అని గుర్తుంచుకొంటే మధ్యనున్న ఊళ్లకు ఊహ అందుతుంది.

దిక్కును నిర్ణయించుకొనడం

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉన్నది. ఇంటి ఆగ్నేయ మూల వేరు, ఆగ్నేయ దిక్కు వేరు. వీధిని అనుసరించి కట్టిన ఇల్లు పది పదిహేను డిగ్రీలు పక్కకు తిరిగి ఉండవచ్చు. కనుక వంటగది ఉన్న మూలను చూచి డిష్‌ను తిప్పరాదు.

దిక్సూచి గాని, చేతిఫోనులోని దిక్సూచి గాని వాడవచ్చు. అయితే ఇనుప స్తంభం, నీళ్ల ట్యాంకు చట్రం, స్లాబులోని ఇనుప చువ్వలు దాని ముల్లును తప్పుదారి పట్టిస్తాయి. డిష్ స్తంభానికి కొన్ని అడుగుల దూరంలో నిలిచి, రెండు మూడు చోట్ల చూచి, అన్నీ ఒకే దిక్కును చూపితేనే నమ్మాలి. ఆ దిక్కులో దూరంగా కనిపించే చెట్టునో, గోపురాన్నో గుర్తుగా పెట్టుకొంటే పని సులభమవుతుంది.

యంత్రం లేనివారికి శంకుచ్ఛాయా పద్ధతి ఉన్నది. సూర్యసిద్ధాంతం త్రిప్రశ్నాధికారంలోను, మయమతం వంటి వాస్తు గ్రంథాలలోను చెప్పిన ఈ పద్ధతితోనే ఆలయ నిర్మాతలు తూర్పును సాధించేవారు. చదునైన నేలమీద ఒక కర్రను నిట్టనిలువుగా పాతి, దాని మొదలు కేంద్రంగా ఒక వృత్తం గీయాలి. ఉదయం కర్ర నీడ కొన వృత్తాన్ని తాకి లోపలికి వచ్చే చోట ఒక గుర్తు, మధ్యాహ్నం తరువాత నీడ పెరిగి వృత్తాన్ని దాటిపోయే చోట మరొక గుర్తు పెట్టాలి. మొదటిది పడమటి గుర్తు, రెండవది తూర్పు గుర్తు. రెండింటినీ కలిపిన గీత పడమర–తూర్పు రేఖ. దానికి లంబంగా దక్షిణ రేఖను గీచి, తూర్పు దక్షిణాల మధ్య కోణాన్ని సగం చేస్తే ఆగ్నేయం లభిస్తుంది. ఒక పగలు ఓపిక పట్టగలిగితే ఇనుము ప్రభావం లేని దిక్కు చేతికి వస్తుంది.

సామగ్రిని పరీక్షించడం

మొదట ఆ డిష్ మీదేనా, చందా సంస్థవారు అద్దెకు ఇచ్చినదా అని విచారించుకోవాలి. వారిదైతే వారికి తెలిపిన తరువాతనే వాడుకోవాలి. పాత చందా పెట్టె ఈ పనికి సాధారణంగా ఉపకరించదు. అది తన సేవకే తాళం వేసిన పెట్టె. ఉచిత ప్రసారాల పెట్టె వేరుగా తీసుకోవాలి. చందా వాహినులను దొంగదారిన తెరుస్తామని చెప్పేవారి జోలికి పోరాదు. ఉచితంగా ఇచ్చిన దానిని అందుకొనడం న్యాయం, రుసుము ఎగగొట్టి తీసుకొనడం చౌర్యం.

డిష్ రేకు సొట్టలు పడకుండ, మెలితిరగకుండ ఉండాలి. మనకు వచ్చే తరంగం పొడవు సుమారు 27 మిల్లీమీటర్లు మాత్రమే. రేకు కొన్ని మిల్లీమీటర్లు వంగినా తరంగాలు ఒకచోట చేరవు. పరీక్షకు రెండు దారాలను డిష్ అంచునుండి అంచుకు, నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి బిగించి కట్టాలి. రెండూ మధ్యలో ఒకదానినొకటి తాకీతాకనట్లు ఉంటే రేకు సరిగా ఉన్నట్లు. నడుమ ఎడం వచ్చినా, ఒకటి మరొకదానిని గట్టిగా నొక్కినా రేకు మెలితిరిగినట్లే. రంగు వెలిసినందువల్ల నష్టం లేదు. తుప్పు తిని చిల్లులు పడితే మాత్రం వదలివేయాలి.

డిష్ ముందు చేతికొనన ఉండే చిన్న పరికరం ఎల్.ఎన్.బి. డిష్ పోగుచేసిన తరంగాలను ఇది తీసుకొని, వాటి పౌనఃపున్యాన్ని తగ్గించి కేబుల్ ద్వారా కిందికి పంపుతుంది. 9750, 10600 అనే అంకెలున్న యూనివర్సల్ ఎల్.ఎన్.బి. కావాలి. ఉపగ్రహం నుండి 11090 మెగాహెర్ట్జ్‌లో వచ్చే సంకేతం నుండి 9750 తీసివేయగా మిగిలిన 1340 మెగాహెర్ట్జ్ సంకేతమే కేబుల్‌లో ప్రయాణిస్తుంది. పాత ఎల్.ఎన్.బి. ముందరి మూత పగిలి నీరు దిగి ఉంటే దానిని మార్చివేయడమే మంచిది. కేబుల్ ఆర్.జి.-6 రకం, ముప్పై మీటర్ల లోపు, మధ్యలో అతుకులు లేనిదిగా ఉండాలి.

చోటు, స్తంభం

డిష్ నుండి ఆగ్నేయంగా చూచినప్పుడు ఆకాశం నిర్మలంగా కనిపించాలి. మన ప్రాంతంలో ఉపగ్రహం సుమారు 65 డిగ్రీల ఎత్తున ఉండడం ఒక అదృష్టం. డిష్ కంటె పది మీటర్లు ఎత్తైన చెట్టో, గోడో ఆ దిక్కున ఉన్నా, ఆరు మీటర్ల దూరంలో ఉంటే అడ్డు రాదు. చెట్టు పెరుగుతుందని మాత్రం మరువరాదు.

స్తంభం నిట్టనిలువుగా ఉండాలి. తాపీ మేస్త్రీలు వాడే రసమట్టంతో గాని, దారానికి రాయి కట్టి వేలాడదీసి గాని, రెండు వైపుల నుండి సరిచూడాలి. స్తంభం వాలి ఉంటే డిష్‌ను పక్కకు తిప్పినప్పుడల్లా ఎత్తు కూడ మారిపోతుంది. అప్పుడు పై పట్టికలోని అంకెలకు అర్థం ఉండదు. సగం మంది వైఫల్యానికి మూలం ఇక్కడే ఉంటుంది.

మిద్దె అంచున, తడి మెట్లమీద, విద్యుత్ తీగల దగ్గర ఈ పని చేయరాదు. ఒక్కరే ఎక్కరాదు. గాలివానలో అసలే వద్దు. పిట్టగోడ లేని మిద్దె అయితే అనుభవజ్ఞుడైన పనివానిని పిలవండి. పెద్దల కోసం చేసే పనిలో ఇంటి కుర్రవాడు కాలు విరుగగొట్టుకొనడం ఎవరికీ సమ్మతం కాదు.

మొదటి అమరిక

ఎత్తుతో ఆరంభించాలి. చాలా డిష్‌ల వెనుక బిగింపు పట్టీమీద డిగ్రీల గీతలు ఉంటాయి. మీ ఊరి ఉన్నతాంశాన్ని అక్కడ పెట్టి, నట్లను చేతితో కదిలేటంత బిగువుగా మాత్రమే బిగించాలి.

గీతలు లేని డిష్‌కు ఒక విషయం తెలియాలి. ఈ చిన్న డిష్‌లు నిండు గిన్నెలవంటివి కావు, పెద్ద గిన్నె నుండి ఒక పక్క కోసిన ముక్కవంటివి. అందుచేత అవి తాము చూస్తున్నట్లు కనిపించే ఎత్తుకంటె సుమారు 25 డిగ్రీలు పైకి చూస్తాయి. హైదరాబాదులో ఉపగ్రహం 63 డిగ్రీల ఎత్తున ఉన్నా, డిష్ ముఖం నిలువు నుండి 38 డిగ్రీలు మాత్రమే వెనుకకు వాలితే సరిపోతుంది. ఈ సంగతి తెలియక డిష్‌ను దాదాపు వెల్లకిల పెట్టి, సంకేతం రాలేదని నిరాశపడేవారు ఉన్నారు.

తరువాత ఎల్.ఎన్.బి. వంపు. ఉపగ్రహం తరంగాలను రెండు ధ్రువణాలలో పంపుతుంది, నిలువు, అడ్డం. ఉపగ్రహపు నిలువు మన నేలమీది నిలువు కాదు. మనము దానికి పక్కగా ఉన్నందున అది ఒరిగి కనిపిస్తుంది. పట్టికలో వంపు అని చెప్పినది ఆ ఒరుగుదలే. డిష్ వెనుక నిలిచి ఆగ్నేయం వైపు చూస్తూ, ఎల్.ఎన్.బి.ని గడియారపు ముళ్లకు వ్యతిరేక దిశలో తిప్పాలి. అంటే కేబుల్ తగిలించే కొన నేలకు సూటిగా ఉన్న స్థితి నుండి మన కుడిచేతి వైపుకు జరగాలి. ఆగ్నేయ ఆకాశానికి ఈ వంపు పై పట్టికలోని ఊళ్లలో 29 నుండి 46 డిగ్రీల వరకు ఉంటుంది కనుక దీనిని ఉపేక్షించరాదు. వంపు 45 డిగ్రీలు తప్పితే రెండు ధ్రువణాలూ సమానంగా కలిసిపోయి పెట్టె దేనినీ గుర్తించలేదు.

పెట్టె తెరమీద అమరికల పట్టికలో ఎల్.ఎన్.బి. రకం 9750/10600, పౌనఃపున్యం 11090, ధ్రువణం నిలువు అనగా 'వి', సింబల్ రేటు 29500 అని ఇవ్వాలి. నిలువు ధ్రువణానికి పెట్టె కేబుల్ ద్వారా 13 వోల్టులు, అడ్డ ధ్రువణానికి 18 వోల్టులు పంపుతుంది. అందుచేత కేబుల్‌ను తగిలించేటప్పుడు, విప్పేటప్పుడు పెట్టె విద్యుత్తు ఆపి ఉంచాలి. ప్రసారకర్తలు అంకెలను అప్పుడప్పుడు మార్చుతారు. పై అంకెకు సంకేతం రాకపోతే పెట్టెతో వచ్చిన పత్రంలోని మరొక అంకెతో ప్రయత్నించాలి.

వెతకడం

తెరమీద రెండు గీతలు కనిపిస్తాయి. ఒకటి బలం, రెండవది నాణ్యత. బలం అనేది ఎల్.ఎన్.బి.కి విద్యుత్తు అందగానే కొంత కనిపిస్తుంది. అది ఉపగ్రహం దొరికినట్లు కాదు. నాణ్యత గీత పైకి లేచినప్పుడే మనము కోరిన సంకేతం అందినట్లు. కనుక చూపంతా నాణ్యత మీదనే ఉంచాలి.

ఒకరు తెర ముందు కూర్చుండి ఫోనులో అంకె చెప్పుచుండగా మరొకరు మిద్దెమీద డిష్‌ను తిప్పాలి. సంఖ్య తప్ప వేరే మాట లేకుండ చెప్పడం మంచిది. అరవై సెంటీమీటర్ల డిష్ అంచు పక్కకు అర సెంటీమీటరు జరిగితే ఒక డిగ్రీ తిరిగినట్లు. ఒక్కొక్క సెంటీమీటరు చొప్పున జరిపి, ప్రతిసారీ నాలుగైదు సెకన్లు ఆగాలి. పెట్టెకు సంకేతాన్ని గుర్తించడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. ఆగకుండ తిప్పేవారు ఉపగ్రహాన్ని దాటిపోయి కూడ తెలుసుకోలేరు.

అనుకొన్న దిక్కుకు రెండు వైపులా పదిహేను డిగ్రీలు తిప్పినా నాణ్యత రాకపోతే ఎత్తును ఒక డిగ్రీ పెంచి మళ్లీ మొదటినుండి తిప్పాలి. తరువాత ఒక డిగ్రీ తగ్గించి తిప్పాలి. మన ప్రాంతంలో ఉపగ్రహం చాలా ఎత్తున ఉన్నందువల్ల పక్కకు జరిగిన తప్పును డిష్ కొంత సహిస్తుంది, ఎత్తులో తప్పును అంతగా సహించదు. ఆకాశంలో ఎత్తుగా చూసేవాడు పక్కకు తిరిగినా చూపు ఎక్కువ దూరం పోదు, తల వంచితే మాత్రం అంతా మారిపోతుంది.

ఇదివరకు పనిచేసిన డిష్ అయితే అది చూస్తున్న దిక్కే మనకు గొప్ప ఆధారం. హైదరాబాదు పరిసరాలలో లెక్క ఈ విధంగా ఉంటుంది. డిష్ వెనుక నిలిచి చూచినట్లు ఎడమ కుడులను గ్రహించండి.

టాటా ప్లే డిష్ 83 డిగ్రీల ఉపగ్రహం వైపు, అనగా దిగంశం 165, ఉన్నతాంశం 69 వద్ద ఉంటుంది. దానిని ఎడమకు 27 డిగ్రీలు తిప్పి, 6 డిగ్రీలు దించాలి.
డీ2హెచ్ డిష్ 88 డిగ్రీల ఉపగ్రహానిది. దానిని ఎడమకు 13 డిగ్రీలు తిప్పి, 4 డిగ్రీలు దించాలి.
డిష్ టీవీ వారిది 95 డిగ్రీల ఉపగ్రహం. కుడికి 3 డిగ్రీలు, పైకి ఒక డిగ్రీ చాలు.
ఎయిర్‌టెల్ డిష్ 108.2 డిగ్రీల ఉపగ్రహానిది. కుడికి 20 డిగ్రీలు తిప్పి, 13 డిగ్రీలు ఎత్తాలి.

తిప్పడానికి ముందు స్తంభంమీద, ఎత్తు పట్టీమీద సుద్దతో పాత స్థానాన్ని గీచి ఉంచండి. దారి తప్పినప్పుడు మళ్లీ ఆరంభానికి రావచ్చు.

పొరుగు ఉపగ్రహంతో జాగ్రత్త

93.5 డిగ్రీల స్థానానికి ఒక పక్క 95 డిగ్రీలలోను, మరొక పక్క 91.5 డిగ్రీలలోను వేరే ఉపగ్రహాలు ఉన్నాయి. కక్ష్యలో ఒకటిన్నర డిగ్రీ అంటే సుమారు 1,100 కిలోమీటర్ల దూరం, కాని మన డిష్ చూపు వెడల్పే సుమారు మూడు డిగ్రీలు. బజారులో దొరికే ముల్లు మీటరు ఏ ఉపగ్రహం ఎదురైనా కూత పెడుతుంది, అది ఏది అని చెప్పలేదు. అందుచేత నాణ్యత కనిపించగానే వాహినుల అన్వేషణ చేయించి, దూరదర్శన్ వాహినులు వచ్చినవో లేదో చూడాలి. తెరమీద వాహిని పేర్లు వచ్చి, ప్రతి దానిలోను చందా కోరే సందేశమే కనిపిస్తే మనము పొరుగు ఉపగ్రహం దగ్గర నిలిచినట్లు.

తుది సవరణ

సంకేతం దొరికింది కదా అని అక్కడే బిగించరాదు. డిష్‌ను నెమ్మదిగా ఎడమకు, నాణ్యత పడిపోయేవరకు జరిపి గుర్తు పెట్టాలి. తిరిగి కుడికి, పడిపోయేవరకు జరిపి మరొక గుర్తు పెట్టాలి. రెండింటి నడుమ భాగమే సరియైన దిక్కు. ఎత్తును కూడ ఇట్లే సవరించాలి. చివరగా ఎల్.ఎన్.బి.ని కొద్దికొద్దిగా తిప్పి నాణ్యత గరిష్ఠంగా ఉన్నచోట ఆపాలి. నట్లను ఒకదాని తరువాత ఒకటి, కొంచెం కొంచెంగా బిగించాలి. ఒకే నట్టును గట్టిగా బిగిస్తే డిష్ పక్కకు లాగుకొనిపోతుంది.

ఎండరోజున బొమ్మ వచ్చింది, ఇంత శ్రమ ఎందుకని అనిపించవచ్చు. ఈ తరంగాలను వానచినుకులు పీల్చుకొంటాయి. అంచున నిలిచిన డిష్ శ్రావణ భాద్రపదాలలో మొదటి జల్లుకే బొమ్మను పోగొడుతుంది. నడుమ నిలిచిన డిష్ మామూలు వానను తట్టుకొంటుంది. కుండపోత వానలో మాత్రం ఏ చిన్న డిష్ అయినా కొంతసేపు ఆగుతుంది, వాన వెలిసిన తరువాత తానే కోలుకొంటుంది. అప్పుడు డిష్‌ను కదిలించరాదు.

కేబుల్ ఇంటిలోకి వచ్చేచోట కిందికి ఒక చిన్న వంపు వదిలితే వాననీరు అక్కడే జారిపోతుంది. బయటి కొనలకు నీరు దిగకుండ టేపు చుట్టాలి. డిష్‌కు, స్తంభానికి భూమి తీగ వేయించాలి. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు పెట్టె కేబుల్‌ను ముందుగానే విప్పి ఉంచాలి.

ఏడాదికి రెండుసార్లు ఆగే ప్రసారం

మార్చి రెండవ వారం ప్రాంతంలోను, సెప్టెంబరు చివర, అక్టోబరు తొలి రోజులలోను ఉదయం 11 గంటల సమీపంలో కొద్ది నిమిషాలు బొమ్మ చెదిరిపోవచ్చు. ఆ రోజులలో సూర్యుడు సరిగా ఉపగ్రహం వెనుకకు వస్తాడు. సూర్యుని నుండి వచ్చే తరంగాల హోరులో ఉపగ్రహపు సన్నని సంకేతం మునిగిపోతుంది. కొన్నాళ్లలో అది దానంతట అదే తొలగుతుంది. శరన్నవరాత్రులు ఆ రోజులలో వచ్చినప్పుడు యంత్రం చెడిందని కంగారుపడి డిష్‌ను తిప్పవద్దు. ఆ సమయంలో డిష్‌మీద ఏ చెట్టు నీడైనా పడుతున్నదేమో చూడండి. పడితే ఆ కొమ్మే ఉపగ్రహానికి అడ్డు అని తెలుస్తుంది.

మరొక సూక్ష్మం కూడ ఉన్నది. సంకేతం పైకి వెళ్లి కిందికి రావడానికి సుమారు పావు సెకను పడుతుంది. బొమ్మను అంకెలుగా మార్చి తిరిగి బొమ్మగా చేయడానికి మరికొన్ని సెకన్లు పడతాయి. తెరమీద మాంగల్యధారణ కనిపించే క్షణం మండపంలో జరిగిన క్షణానికి కొంత వెనుకనే ఉంటుంది. ఇంట ముహూర్తానికి గడియారాన్నే చూచుకోవాలి.

దాతలకు ఒక విన్నపం

వృద్ధాశ్రమానికో, సత్రానికో, ఒంటరిగా ఉన్న పెద్దలకో టెలివిజన్ ఇవ్వదలచినవారు పెట్టె, డిష్, కేబుల్ కలిపి పూర్తిగా అమర్చి ఇవ్వండి. బిగించిన రోజున ఒక కాగితంమీద ఊరు, దిగంశం, ఉన్నతాంశం, పౌనఃపున్యం, నాణ్యత అంకె వ్రాసి పెట్టె పక్కన అతికించండి. స్తంభంమీద, ఎత్తు పట్టీమీద చెరగని రంగుతో గీత గీయండి. కోతులో, గాలివానో డిష్‌ను కదిలిస్తే మరునాడు ఎవరైనా ఆ గీతకు చేర్చగలరు. అక్కడి పెద్దలకు వాహిని మార్చడం, ధ్వని పెంచడం రెండుసార్లు చేసి చూపించి, వారిచేత ఒకసారి చేయించండి.

ఒక విషయం ముందే తెలిపి ఇవ్వాలి. అన్ని భక్తి వాహినులూ ఈ డిష్‌కు అందవు. కొన్ని వేరే ఉపగ్రహాలపై, మరికొన్ని సీ-బ్యాండ్ తరంగాలపై ఉంటాయి. వాటికి ఆరు ఎనిమిది అడుగుల పెద్ద డిష్ కావాలి. పెద్దలు ఏ వాహినిని కోరుతున్నారో అడిగి, అది ఈ ఉచిత సేవలో ఉన్నదో లేదో విచారించిన తరువాతనే మాట ఇవ్వండి. ఇచ్చిన మాట తెరమీద కనిపించనప్పుడు వారికి కలిగే ఖేదం, అసలు ఇవ్వనప్పటి కంటె ఎక్కువ.

ఈ పనికి అయ్యే ఖర్చు స్వల్పం, పట్టే సమయం ఒక పూట. మిద్దెమీద వ్యర్థంగా పడి ఉన్న ఒక డిష్ సరియైన దిక్కుకు తిరిగితే, రాబోయే శ్రీరామనవమినాడు గడప దాటలేని ఒక పెద్దావిడ తన గదిలోనే కూర్చుండి కల్యాణం చూడగలుగుతుంది. పండుగకు ఒక నెల ముందుగా ఈ పని పూర్తిచేయండి. పండుగనాటి ఉదయం మిద్దె ఎక్కి వెతకడం ఎవరికీ శాంతిని ఇవ్వదు.

శుభం భూయాత్.